మోగని బొగ్గు

జ్వాలావతీ నగరంలో రాజుగారి పెరడంటే తోటకూర మడీ కరివేపాకు చెట్టూ ఉండే మనలాంటివాళ్ళ పెరడు కాదు. అది పన్నెండెకరాల నేల. చుట్టూ పగడపు రంగు ప్రాకారం, ప్రాకారం మీద వరుసగా ఇత్తడి నెమళ్ళు, ఆ నెమళ్ళ కళ్ళలో గరుడపచ్చలు. నడుమ చంద్రకాంత శిలలతో కట్టిన కేళాకూళి, అందులో వెండి తామరలు. దాని నాలుగు పక్కలా నూట ఎనిమిది నల్లరాతి పొయ్యిలు, ఒక్కొక్క పొయ్యి మీద ఏనుగు తొండంలా వంపు తిరిగిన ఇనుప ఊచలు. పొద్దు వాలేసరికి ఆ ఊచల మీద దుప్పి తొడలు, పొట్టేళ్ళ పక్కటెముకలు, మిరియాలు పట్టించిన కొరమీనులు కాలుతూ ఉంటే, ఆ వాసనకి ఎదుటి కొండ మీది పులులు కూడా లేచి కూర్చునేవట.

ఇంత వైభవం ఉంది. ఆ పెరట్లో ఏడు వందల మంది వంటవాళ్ళున్నారు. ఆ ఏడు వందల్లో మంచి బొగ్గుకీ మాడిన కట్టెకీ తేడా తెలిసినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఈ చోటికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం పెరటి ద్వారం దగ్గర ఒక కుర్ర వంటవాడు నిలబడి ఉన్నాడు. తల మీద బండిచక్రమంత తలపాగా, మూతి మీద గుబురు మీసం, చేతిలో మూరెడు పట్టకారు. తాను మకరద్వీపం నుంచి వచ్చానని, పేరు జాంగలుడని, నిప్పు మీద మాంసం కాల్చడంలో తనను మించినవాడు ఏడు దీవుల్లో లేడని కావలివాళ్ళకు చెబుతున్నాడు. అదంతా అబద్ధం. మీసం మేకవెంట్రుకలది, తుమ్మజిగురుతో అతికించింది. ఆ తలపాగా కింద మోకాళ్ళ దాకా దిగే జడ చుట్టలు చుట్టుకుని ఉంది. ఆ వంటవాడు తుమ్మలకోనలో బొగ్గు కాల్చే దుగ్గన్న కూతురు మొగిలి.

ఆమె ఈ వేషం ఎందుకు వేసిందో చెప్పాలి. ఆ రాజ్యంలో వసంతవిందు నాడు మొదటి పొయ్యిని యువరాజు తన నోటితో ఊది రాజేయడం ఆచారం. మూడు రోజుల కిందట యువరాజు సుకేతుడు పొయ్యి మీదికి వంగి ఒక్కసారి ఊదాడు. ఊదిన ఊపిరి మళ్ళీ లోపలికి రాలేదు. నిలువునా కూలిపోయాడు. గుండె కొట్టుకుంటోంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది, ముక్కు దగ్గర అద్దం పెడితే మాత్రం మసకబారదు. వైద్యులు చేతులెత్తేశారు. రాజగురువు మసిభైరవుడు మాత్రం వేలెత్తాడు. బొగ్గులో విషముంది అన్నాడు. రాజుగారికి బొగ్గు తెచ్చేదెవరు? తుమ్మలకోన దుగ్గన్న. అయిపోయింది విచారణ!

విచారణ అంత పొట్టిదైనా శిక్ష మాత్రం పొడుగ్గా రాశారు. నగరం బయట గద్దకొండ మీద దుగ్గన్న చేతనే కట్టెలు పేర్పించి, దుగ్గన్న చేతనే మట్టి మెత్తించి, బొగ్గుల బట్టీ ఒకటి కట్టించారు. ఇవాళ సూర్యాస్తమయానికి కొండ మీది నగారా మోగగానే అతన్ని అదే బట్టీలో కూర్చోబెట్టి నిప్పు పెడతారు. మనిషి చితిని అతని చేతనే పేర్పించిన ఆ రాజ్యాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకలేదు. తుమ్మలకోన వాళ్ళెవరైనా నగరంలో కనిపిస్తే తల తీయమని కూడా చాటింపు వేశారు. అందుకే మొగిలికి మీసం వచ్చింది.

ఆమె అదృష్టం కొద్దీ మాంసం కాల్చే వంటవాళ్ళ పెద్ద భయపడి పొద్దున్నే పారిపోయాడు. పాకశాలాధికారి భోజదత్తుడికి సాయంత్రం రాజుగారి భోజనం ఎలా గట్టెక్కుతుందా అని కాళ్ళూ చేతులూ ఆడడం లేదు. బొజ్జ మీద చందనం, మొలలో బంగారు గరిటె, వేళ్ళకి పది ఉంగరాలు పెట్టుకున్న ఆ మనిషి మకరద్వీపం పేరు వినగానే మొగిలిని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. బొగ్గుల కొట్టు తలుపు తీసి, ఇదిగో మా సంపద అన్నాడు.

అక్కడ కొండలా పేర్చి ఉన్నాయి ఇటుకలు. ఒకటే కొలత, ఒకటే నలుపు, అద్దంలాంటి నునుపు, ప్రతి ఇటుక మీదా కాకి బొమ్మతో రాజగురువు ముద్ర. నలభై వేలున్నాయట. వీటిని భైరవ ఇటుకలంటారని, రాజగురువే స్వయంగా మంత్రించి అచ్చు పోయించాడని, మూడేళ్ళుగా పొయ్యిల్లో ఇవే వాడుతున్నామని భోజదత్తుడు గర్వంగా చెప్పాడు. ఈ రాజ్యంలో బొగ్గును చూసి ఎంచుతామని, ఎంత నల్లగా ఉంటే అంత శ్రేష్ఠమని కూడా చెప్పాడు.

మొగిలి ఒక ఇటుక తీసి, అలవాటు కొద్దీ, గడప రాతికేసి కొట్టబోయింది. భోజదత్తుడు గుండె ఆగినంత పనై ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఈ పెరట్లో ఏదీ మోగకూడదట. మూడు తరాల కిందట ఎవడో గరిటె జారవిడిస్తే ఆ చప్పుడుకి అప్పటి రాజుగారి చేతిలో ముద్ద కింద పడిందట. అది అపశకునమని ఆనాటి నుంచి పెరట్లో చప్పుడు నిషేధం. వంటవాళ్ళు సైగలతో మాట్లాడుకుంటారు, గిన్నెలకు గుడ్డలు చుడతారు. మూడు తరాలుగా ఆ పెరట్లో బొగ్గును మోగించి చూసిన మనిషి లేడన్నమాట.

బొగ్గును మోగించకుండా ఎంచడం పెళ్ళికూతురిని మేలిముసుగు తీయకుండా ఎంచడమే. బాగా కాలిన బొగ్గును రాతికి తాకిస్తే ఖంగుమంటుంది. విరిస్తే పుటుక్కున విరుగుతుంది, విరిగిన చోట మెరుస్తుంది, చేతికి మసి అంటీ అంటనట్టు ఉంటుంది. సగం కాలింది దబ్బుమంటుంది. నిప్పులో వేస్తే కళ్ళలోకి పొగ, మాంసానికి చేదు. తుమ్మలకోనలో పాలు మరవని పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. అక్కడ ప్రతి మనిషీ తను కాల్చిన మొదటి మంచి బొగ్గుముక్కని మచ్చు బొగ్గని మొలలో కట్టుకుని తిరుగుతాడు. కొత్త బొగ్గును దానితో పోల్చి మోగించి చూస్తేనే గంపకెత్తుతారు. దుగ్గన్న మొలలో ఒకటుంది. మొగిలి మొలలోనూ ఒకటుంది.

మోగించనివ్వలేదు కాబట్టి మొగిలి ఇటుకను రెండు చేతులా పట్టి విరిచింది. అది విరగలేదు, పుచ్చిన దుంపలా చితికింది. పైన నూనె కలిపిన దీపపు మసి పూత. లోపల బంకమట్టి, పులిసిన గంజి, గోధుమరంగు కట్టె పొట్టు. ఆ పొట్టు వాసన చూడగానే ఆమె ముక్కు మండింది. అది నల్లజీడి కట్టె. పచ్చిగా కాలిస్తే దాని పొగకి ఒళ్ళంతా పొక్కులు లేస్తాయి. ఆమె అప్పుడు చుట్టూ ఉన్న వంటవాళ్ళ చేతులు చూసింది. మోచేతుల దాకా పొక్కులే. వేడికి లేస్తాయి, మామూలే అన్నాడు భోజదత్తుడు. అతని చేతులు మాత్రం నున్నగా ఉన్నాయి, ఎందుకంటే అతను పొయ్యి దగ్గరికి పోయి ఏళ్ళయింది.

కొట్టు మూల చిరిగిన చాప కింద ఇంకేవో గంపలున్నాయి. మొగిలి చాప ఎత్తింది. నలభై గంపలు, ఒక్కొక్కదానికీ ఈతాకు తాడుతో ఏడు మెలికల ముడి. ఆ ముళ్ళు ఆమె వేసినవే. ఒక్క ముడి కూడా విప్పలేదు.

మరి విందు రోజు పొయ్యిలో వేసిందేమిటని ఆమె మెల్లగా అడిగింది. ఇటుకలే కదా అన్నాడతను. ఈ వంకర టింకర కొండ బొగ్గు ఆనవాయితీకి కొంటామే కానీ రాజుగారి పొయ్యిలో ఎవరు పెడతారు, చూడ్డానికి ఏం బాగుంటుంది అని నవ్వాడు. అలాగైతే కొండ మీద ఆ ముసలాయనకి శిక్ష దేనికని మళ్ళీ అడిగింది.

"కోనవాళ్ళ బొగ్గని రాజగురువుగారు సెలవిచ్చారు. మేం విన్నాం. వినడమే కదయ్యా మన పని" అన్నాడు భోజదత్తుడు, ఆవలిస్తూ.

ఒక మనిషి ప్రాణం పోతోంటే ఆవలించిన ఆ నోట్లో నిప్పు పొయ్యాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. నాకూ వచ్చింది. కానీ ఆమె నాకంటే తెలివైనది, ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. యువరాజు పడిపోగానే ఆ పొయ్యిలోని ఇటుకలు ఏమయ్యాయి? ఇంకా అంటుకోని ఆ ఇటుకల్ని రాజగురువు తన చేత్తోనే ఏరి, మళ్ళీ ఈ కుప్పలోనే కలిపేశాడు. ఇప్పుడీ కుప్పనంతా ఏం చేస్తారు? సాయంత్రం బండ్లకెత్తి గద్దకొండకు తోలి బట్టీ చుట్టూ పేర్చి వెలిగిస్తారు, అదీ రాజగురువు ఆజ్ఞే.

అప్పుడు ఆమెకు అంతా తెలిసిపోయింది. ఊదిన ఊపిరి తిరిగి రాలేదంటే ఎక్కడో పట్టుబడి ఉంది. పట్టుకున్నది మంత్రించిన ఇటుక. అది ఈ నలభై వేలలో ఒకటి. సాయంత్రం ఇవన్నీ కాలితే లోపల దుగ్గన్నా, అతనితో పాటు యువరాజు ఊపిరీ ఒకే మంటలో పోతాయి. వారసుడు లేకపోతే రాజ్యం రాజగురువుదని మహారాజు ఏనాడో రాసిచ్చి ఉన్నాడు. హంతకుడి పేరు దుగ్గన్న అని శాసనం వేస్తారు.

అరిస్తే తల పోతుంది. తల పోతే అయ్య పోతాడు. అక్కడ ఇంకొక ఆచారముంది. రాజుగారి నాలుకను మెప్పించిన వంటవాడు ఒక్క మాట నిర్భయంగా చెప్పుకోవచ్చు. మొగిలి చేతులు కడుక్కుంది.

ఆ వంట ఎలా చేసిందో చెప్పకపోతే పాపం. తండ్రి గంప ఒకటి విప్పి తుమ్మబొగ్గు పెద్ద ముక్కలు ఏరి పొయ్యికి ఒక పక్కగా మాత్రమే పేర్చింది, రెండో పక్క ఖాళీగా వదిలింది. త్వరగా అంటుకోవడానికి కింద టెంకాయ చిప్పల బొగ్గు పెట్టింది. మంటలు ఎగిరి పడుతున్నప్పుడు మాంసం వేయమని భోజదత్తుడు సైగల మీద సైగలు చేశాడు. ఆమె పట్టించుకోలేదు. మంట అణిగి, బొగ్గు మీద విభూతిలాంటి తెల్లని బూడిద పొర కట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. అప్పుడు పొట్టేలు తొడను మొదట నిప్పు మీద నాలుగు వైపులా ఎర్రగా కాల్చి, తరవాత ఖాళీ పక్కకు జరిపింది. నీళ్ళలో నానబెట్టిన జామకట్టె పేళ్ళు గుప్పెడు నిప్పు మీద చల్లి, పెద్ద కుండ బోర్లించింది. కుండ అంచుల నుంచి నీలిరంగు పొగ సన్నగా, తీయగా లేచింది. ఆ పొగకి ఎవరికీ కళ్ళు మండలేదు. వంటవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

మణికేతు మహారాజు ముత్యాల గొడుగు కింద విచ్చేశాడు. వెనక పల్లకీలో ఊపిరి లేని యువరాజు, పక్కన మసిభైరవుడు. ఆ రాజగురువు వర్ణన వినండి. కాటుక కొండలాంటి దేహం, బొటనవేళ్ళ దాకా జాలువారే నల్లని అంగీ, మెడలో కాకి పుర్రెల పేరు, నుదుటన మసిబొట్టు. అతను నడిచిన చోట గడ్డి మీద నల్లని అడుగులు పడేవి. రాజు తొడమాంసం ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచి ఇంకో ముక్క తిన్నాడు. మొత్తం తొడ తిన్నాడు. కొడుకు అలా పడి ఉంటే తండ్రికి తొడ ఎలా దిగిందో నన్నడక్కండి, రాజులని అడగండి. చివరికి వేళ్ళు నాకి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

మొగిలి మీసం పీకి పారేసింది. తలపాగా విప్పి నడుముకు చుట్టుకుంది.

"మహాప్రభూ, మీరు తిన్నది దుగ్గన్న బొగ్గు మీద కాలింది. మీ అబ్బాయిగారు ఊదింది దుగ్గన్న బొగ్గు కాదు. ఇవాళ వంటకి నేను విప్పిన గంప తప్ప అదింతవరకు విప్పనే లేదు. ముళ్ళు చూడండి, అవి నేను వేసినవి. నేను ఆయన కూతుర్ని."

రాజు మొహం ఎర్రబడింది. సిగ్గుతో కాదు. రాజు ముద్ర పడిన తీర్పును బొగ్గుపిల్ల తప్పంటుందా అని. మసిభైరవుడు చిరునవ్వు నవ్వి, ముళ్ళు తరవాత కూడా వేయొచ్చు ప్రభూ అన్నాడు. రాజు తల ఊపాడు. కడుపు నిండా తిన్నాక కూడా ఊపాడు! మొగిలి ఆ తల ఊపుడు చూసి ఇక వినయం పక్కన పెట్టింది. యువరాజు ఊపిరి ఈ కుప్పలో ఒక ఇటుకలో ఉందని, పొద్దు గుంకేలోపు తీసి చూపిస్తానని, చూపించలేకపోతే తననూ అదే బట్టీలో పెట్టమని గొంతెత్తి చెప్పింది. పొద్దు అప్పటికి ప్రాకారం మీది ఇత్తడి నెమళ్ళకి జానెడెత్తున ఉంది. నలభై వేల ఇటుకలు అని మసిభైరవుడు మళ్ళీ నవ్వాడు. రాజు సరేనన్నాడు, ఆమె ఓడిపోతుందని.

మొగిలి ఇటుక మీద ఇటుక రాతికేసి కొట్టింది. దబ్బు, దబ్బు, దబ్బు. మూడు తరాల తరవాత ఆ పెరట్లో చప్పుడు. ఒక్కటీ మోగలేదు. వంద కొట్టింది, రెండు వందలు కొట్టింది, చేతులు పొక్కులెక్కాయి. ఇలా అయితే తెల్లారినా తేలదు. అప్పుడు ఆమె చూపు కేళాకూళి మీద పడింది. వానాకాలంలో చేతులు మొద్దుబారి చెవి తేల్చుకోలేకపోతే అయ్య బొగ్గును వాగులో పోసేవాడు. సరిగ్గా కాలింది తేలుతుంది. మట్టీ పచ్చికట్టే కలిసింది మునుగుతుంది. ఊపిరి ఉన్నది మునుగుతుందా?

ఆమె గంపెత్తి ఇటుకలు నీళ్ళలోకి విసిరింది. చంద్రకాంత శిలలు మసి అవుతాయని రాజు అరిచాడు. ఆమె ఇంకో గంప విసిరింది. భటులు ఈటెలతో కదిలారు. అప్పుడు ఒక ముసలి వంటవాడు, పొక్కుల చేతులవాడు, తన గుడ్డ చుట్టిన గిన్నె నేలకేసి కొట్టి, గంపెత్తాడు. వాడి వెనక ఇంకొకడు. చూస్తూండగా ఏడు వందల మందీ కదిలారు. మూడేళ్ళుగా ఆ పొగకి చేతులు కాల్చుకున్నవాళ్ళు, వేడికి మామూలే అని విన్నవాళ్ళు, ఇటుకలు నీళ్ళలో పోశారు. వెండి తామరలు నల్లబడ్డాయి. నలభై వేల ఇటుకలూ బుడుంగు బుడుంగున మునిగాయి.

ఒక్కటి తేలింది. నీళ్ళ నడుమ అది మెల్లగా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది, నిద్రపోయే మనిషి గుండెలాగ.

అంతే, మసిభైరవుడి అంగీ ఉబ్బి గిరగిరా తిరిగింది. నిలువెత్తు మనిషి ఉన్న చోట గద్దంత కాకి లేచింది. రెక్కలతో నీళ్ళను చీల్చి ఆ ఇటుకను కాళ్ళతో తన్నుకుపోయింది. మొగిలి పట్టకారు విసిరింది. తోక ఈకలు రెండు రాలాయి, కాకి వంకరపోయింది, ఇటుక జారింది. జారి సూటిగా మండే పొయ్యిలో పడింది. పల్లకీలో యువరాజు పెదవులు నల్లబడ్డాయి. భోజదత్తుడు కడవతో నీళ్ళు ఎత్తాడు. మొగిలి ఆ కడవను కాలితో తన్నింది. రాజుకుంటున్న ఇటుక మీద నీళ్ళు పోస్తే పిగిలిపోతుంది, లోపలి ఊపిరి చెల్లాచెదురవుతుంది. నిప్పుని గాలి ఆడకుండా చంపాలి. ఆమె ఒట్టి చేత్తో ఇటుకను పొయ్యిలోంచి తీసి బూడిద కుండలో కూరి మూత పెట్టి, మూత మీద కూర్చుంది. చెయ్యి కాలుతోంటే పళ్ళు బిగించి ముప్పై లెక్కపెట్టింది. తీసి చూస్తే నిప్పు చచ్చింది. ఇటుకను యువరాజు ముక్కు దగ్గర పెట్టి విరిచింది.

సుకేతుడు గుప్పెడు మసి దగ్గి, లేచి కూర్చున్నాడు.

రాజు ఏడ్చాడు. దుగ్గన్నను విడిచిపెట్టమని, ఊరేగింపుగా తీసుకురమ్మని, బంగారు పట్టకారు ఇస్తానని ఏవేవో అన్నాడు. ఆ మాటలు అతని నోట్లో ఉండగానే గద్దకొండ మీద నగారా మోగింది.

అందరూ పడమర చూశారు. పొద్దు ఇంకా గుంకలేదు, నెమళ్ళ కిరీటాల మీద నాలుగు వేళ్ళెత్తున ఉంది. కొండ మీద నగారా పక్కన నల్లగా ఏదో రెక్కలాడిస్తోంది. కాకే కొట్టింది. ఎవరు కొడితేనేం? నగారా మోగిందంటే భటులు పొద్దును చూడరు, పాటించడమే. ఆ శాసనం కూడా ఈ మణికేతు మహారాజుదే. మొగిలి అతని వైపు చూసిన చూపుకి మహారాజు తల దించుకున్నాడు. అది ఆయన చేసిన మొదటి మంచి పని.

ఆమె అశ్వశాలకు పరుగెత్తింది. కళ్ళెం లేని తెల్లగుర్రం మీదికి ఎగిరితే వెనక ఇంకొకరు ఎగిరారు. సుకేతుడు. మూడు రోజులు ఊపిరి లేనివాడు, దగ్గుతూనే, "ఊదింది నేను. నేను రాకుండా ఎలా?" అన్నాడు. వాదించే వేళ కాదు. గుర్రం ప్రాకారం దూకింది, వీధుల్లో గుడారాలు కూల్చింది, నగర ద్వారం మూసుకుంటోంటే తలుపుల సందులోంచి దూసుకుపోయింది. లోయ మీది తాళ్ళ వంతెన దగ్గరికి వచ్చేసరికి వేల కాకులు తాళ్ళను ముక్కులతో తెంపుతున్నాయి. మొగిలి వంటలో మిగిలితే మొలలో దోపుకున్న జామపేళ్ళ మూట విప్పి సుకేతుడికిచ్చింది. అతను వాటిని నగర ద్వారం దగ్గర లాక్కున్న కాగడాకు అంటించి గాలిలో తిప్పాడు. పొగ కళ్ళలో పడి కాకులు చెదిరాయి. గుర్రం వెనక కాళ్ళు అవతలి గట్టు తాకాయో లేదో, వంతెన తెగి లోయలో పడింది. తిరిగి వెళ్ళడానికి ఇక దారి లేదు.

గద్దకొండ నెత్తిన బట్టీ కనిపించింది, మట్టితో మెత్తిన నిలువెత్తు గుమ్మటం. నిప్పు పెట్టేశారు. అడుగున ఎనిమిది గాలికన్నాలు, పైన పొగ. మొగిలి గుర్రం దిగి ఒక్క క్షణం ఆ పొగనే చూసింది. తెల్లగా ఉంది. తెల్లగా ఉందంటే ఇంకా కట్టెల్లో తడే పోతోంది, మంట నడుమనే ఉంది. పసుపుపచ్చగా మారితే ఇక చేసేదేమీ లేదు. బట్టీని పగలగొడతానని సుకేతుడు కత్తి దూశాడు. ఆమె అతన్ని లాగేసింది. రాజుకున్న బట్టీని నడిమధ్య తెరిస్తే ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ పాఠం చెప్పింది లోపలున్న మనిషే.

ఆమె చుట్టూ తిరిగి కన్నాలు చూసింది. ఏడు తెరిచి ఉన్నాయి. తూర్పు వైపు కన్నం మాత్రం మూసి ఉంది, బయటి నుంచి కాదు, లోపలి నుంచి. తడిమట్టి అద్ది ఉంది, మట్టి మీద వేళ్ళ గుర్తులున్నాయి, చిటికెన వేలంత సందు మాత్రం వదిలి ఉంది. నిప్పు గాలి ఉన్న వైపు నడుస్తుంది. తన వైపు గాలి తగ్గించుకుంటే నిప్పు అవతలికి పోతుంది. ఆ పని తెలిసినవాడు లోపల బతికే ఉన్నాడు, లేదా ఆ మట్టి అద్దేదాకా బతికి ఉన్నాడు.

మొగిలి మొలలోంచి మచ్చు బొగ్గు తీసింది. ఆ కన్నం పక్క రాతికేసి కొట్టింది. ఖంగుమంది. ఆమె చెవి మట్టికి ఆనించింది. కట్టెల చిటపట తప్ప ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. వెనక నలభై మంది భటులు ఈటెలు వంచుకుని వస్తున్నారు, నగారా మీద కాకి రెక్కలు విప్పి మనిషంత అవుతోంది, సుకేతుడు ఒక్కడే కత్తితో వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. పొగ అంచున పసుపు చాయ కనబడుతోంది. ఆమె మూడోసారి కొట్టింది.

లోపలి నుంచి, మట్టి అడుగున, ఖంగుమని బొగ్గు మోగింది.

"అయ్యా, మిగతా ఏడూ నేను మూస్తున్నా. ఆ సందు మాత్రం వదలకు" అని మొగిలి కన్నంలోకి చెప్పి, తలపాగా గుడ్డ ముక్కలుగా చింపి బట్టీ పక్కన మిగిలి ఉన్న తడిమట్టిలో ముంచి, కాలిన చేత్తోనే మొదటి కన్నంలో కుక్కింది.